నాలుగు మార్కుల రోడ్డు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మేము రోడ్డు చూడటానికి ఫలానా రోజు వస్తున్నామని ఆ ఊరికి ముందుగా ఫోన్ చేసి చెప్పింది నేనే.

చెప్పకూడదని తెలుసు. సర్వేకు వెళ్ళేవాళ్ళు తారీఖు బయటపెట్టకూడదని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే చెప్పారు. అయినా చెప్పాను. లంచం కోసం చెప్పి ఉంటే ఈ కథకు కాస్త బరువైనా ఉండేది. నేను చెప్పింది సిగ్గుతో. కొత్త ఊళ్ళో జీపు దిగితే పదిమంది చుట్టూ మూగుతారు. ఎవరి బిడ్డవు, ఏ ఊరు, పెళ్ళయిందా అని మొదలుపెడతారు. ముందే ఒక పెద్దమనిషికి చెప్పిపెడితే ఆయన ఎదురొచ్చి అన్నీ చూసుకుంటాడు, నేను తలూపుతూ వెనకాల నడిస్తే సరిపోతుందనుకున్నాను. ఫోన్‌లో మాట్లాడాల్సిన మూడు వాక్యాలూ డైరీలో రాసుకుని, చూసి చదివాను. మూడో వాక్యం: "నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకండి."

ఈ ఏడు మా శాఖలో కొత్తగా చేరిన చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ ఇది రాస్తున్నాను. మీకూ నాకూ మధ్య నాలుగైదేళ్ళే తేడా, కాబట్టి హితబోధకు నాకు హక్కు లేదు. ఒక రోడ్డుకు తప్పు మార్కులు వేసి, ఆ తప్పు దిద్దుకోవడానికి నోరు తెరవాల్సి వచ్చిన సంగతి మాత్రం చెప్పగలను.

పల్లె రోడ్ల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, నా మొదటి పోస్టింగ్ సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు వైపు. ఇటు బొల్లారం, అటు బొంతపల్లి. మధ్యలో పొలాలు ఎన్నున్నాయో కంపెనీల ప్రహరీలూ అన్నే ఉన్నాయి. అక్కడి రోడ్లు ట్రాక్టర్లకూ ఆటోలకూ సరిపోయేలా వేసినవి. వాటి మీద తిరిగేవి ట్యాంకర్లు. మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా ఏదో ఒక ట్యాంకర్ డ్రైవర్‌కు ఏదో ఒక ఊళ్ళోంచి అడ్డదారి గుర్తుకొస్తుంది. అలా గుర్తుకొచ్చిన దారుల్లో ఈ ఊరిది ఒకటి. ఊరి పేరు చెప్పను. మెయిన్ రోడ్డు మీదున్న స్వాగత తోరణం, అంటే కమాన్, నుంచి ఊరిదాకా రెండు కిలోమీటర్లు.

కొత్త రోడ్డు వేస్తే కొబ్బరికాయ కొట్టడానికి మనుషులుంటారు, శిలాఫలకం ఉంటుంది, దండలుంటాయి. మరమ్మతుకు ఇవేవీ ఉండవు. పూడ్చిన గుంత మీద ఎవరూ పేరు చెక్కించుకోరు. అందుకే మరమ్మతు నిధులు ఎప్పుడూ తక్కువ, అడిగే రోడ్లు ఎప్పుడూ ఎక్కువ. ఏ రోడ్డుకు ఇవ్వాలో తేల్చడానికి ఏటా సర్వే చేస్తారు. జీపులో మెల్లగా వెళుతూ, చూస్తూ, కుదుపులు గమనిస్తూ కిలోమీటరుకొక మార్కు వేయాలి, ఒకటి నుంచి ఐదుదాకా. ఈ ఐదు మార్కులకూ శాఖవారి వివరణ అరపేజీ ఉంటుంది. నా డైరీలో మాత్రం ఇలా రాసుకున్నాను. ఐదు: జీపులో నిద్రపోవచ్చు. నాలుగు: పుస్తకం చదువుకోవచ్చు. మూడు: కబుర్లు చెప్పుకోవచ్చు. రెండు: నాలుక కరుచుకోకుండా చూసుకోవాలి. ఒకటి: దిగి నడవడం మేలు.

ఒకటీ రెండూ వచ్చిన రోడ్లకే ఆ ఏడు పైపొర కొత్తగా వేయడానికి డబ్బు వస్తుంది. నాలుగు వచ్చిందంటే మూడేళ్ళదాకా అటు తిరిగి చూడరు. బడిలో ఎక్కువ మార్కులొస్తే బహుమానం ఇస్తారు, ఇక్కడ తక్కువ వస్తేనే ఇస్తారు. ఈ తేడా ఊళ్ళవాళ్ళకు చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు.

సర్వేకు నాతో వచ్చింది ఇద్దరు. ఒకరు వర్క్ ఇన్‌స్పెక్టర్, రిటైర్మెంట్‌కు ఏడాది దూరంలో ఉన్న పెద్దాయన. జిల్లాలో ప్రతి కల్వర్టు ఎప్పుడు కట్టారో, ఎవరు సిమెంట్ మిగుల్చుకున్నారో చెప్పగలడు. నేను మార్కు చెబితే ఆయన ఫారంలో రాసేవాడు. రాసేముందు "ఖాయమేనా మేడం?" అని ఒక్కసారి అడిగేవాడు. ఒక్కసారే. రెండోసారి అడగడం ఆయన పద్ధతి కాదు.

రెండో మనిషి డ్రైవర్. అద్దె జీపు అతనిదే. గుంతలు తప్పించడంలో అతనికి జిల్లాలో పోటీ లేదు. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, "సూడుండ్రి మేడం, చుక్క కింద పడితే పేరు మార్చుకుంట" అనేవాడు. రోడ్డు ఎంత చెడిపోయిందో తెలుసుకోవడానికి, చెడిపోయిన చోటల్లా తప్పించి నడిపే డ్రైవర్‌తో వెళ్ళేవాళ్ళం. ఇందులో ఏదో పొరపాటుందని నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ రోజు కమాన్ దగ్గరికి చేరేసరికి నేను ఫోన్ చేసిన పెద్దమనిషి తెల్లబట్టల్లో, భుజాన కొత్త తువ్వాలతో నిలబడి ఉన్నాడు. పదవి ఎప్పుడో అయిపోయింది గానీ ఊరు ఇంకా సర్పంచ్ సాబ్ అనే పిలుస్తుంది. ఐదెకరాల రైతు, సొంత ట్రాక్టరు. నేరుగా వచ్చి జీపు ముందు సీట్లో కూర్చున్నాడు.

"మేమొస్తున్నమని నీకెట్ల ఎరుక పటేలా?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఎరుకైతది," అన్నాడాయన, అద్దంలోంచి నా వైపు చూసి చిన్నగా దగ్గుతూ. నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

జీపు కదిలింది. నెల కిందట స్కూటీ మీద నేను వెళ్ళిన రోడ్డు కాదది. అప్పుడు రెండు చోట్ల దిగి నెట్టుకుంటూ నడిచాను. ఇప్పుడు గుంతలన్నిట్లో ఎర్రటి మొరం, తడిపి, దిమ్మెస కొట్టి, చదును చేసి ఉంది. పెళ్ళిపందిరి ముందు వాకిలిలా ఉంది. అక్కడక్కడా మిగిలిన ఎత్తుపల్లాల్ని మా డ్రైవర్ కళాత్మకంగా తప్పించాడు.

"ఎట్లున్నది మేడం మా తొవ్వ?" సర్పంచ్ సాబ్ వెనక్కి తిరిగాడు. "రెండొద్దులు నా ట్రాక్టర్ ఆగలే. ఆఫీసర్లు మా ఊరికొస్తుంటే గుంతలల్ల తిప్పుతమా? మా ఇజ్జత్ ఏంగావాలె?"

"మొదటి కిలోమీటర్, మేడం?" ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు.

నాకు తెలుసు. ఆ మొరం కింద ఏముందో తెలుసు, మొదటి వానకు ఏమవుతుందో తెలుసు. ఫారంలో 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంటుంది. అందులో 'గుంతలు తాత్కాలికంగా మొరంతో నింపినవి' అని రాయిస్తే సరిపోయేది. కానీ ఆ మనిషి మెడ తిప్పి నా నోటివైపే చూస్తున్నాడు. రెండు రోజులు ఎండలో తిరిగి నల్లబడిన ముఖం. ఆయన ముఖం మీదే 'ఒకటి' అనడం నా వల్ల కాలేదు.

"నాలుగు," అన్నాను.

"ఖాయమేనా మేడం?"

"ఊఁ."

"నాలుగేంది?" సర్పంచ్ సాబ్ నొచ్చుకున్నాడు. "ఐదు రాయరాదుండ్రి! ఏం తక్కువైంది?"

"అంచులు అరిగినయ్ కద పటేలా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆయనను ఓదారుస్తూ. రెండో కిలోమీటరుకు కూడా నాలుగే పడింది. ఐదు కోసం ఆయన ఊరొచ్చేదాకా బేరమాడాడు.

ఇంటి అరుగు మీద మగవాళ్ళకు చాయ్, మక్క గారెలు వచ్చాయి. నన్ను మాత్రం ఆయన కోడలు లోపలికి పిలిచింది. నా ఈడుదే. బొల్లారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. మధ్యాహ్నం షిఫ్టుకు తయారై, మెడలో కంపెనీ కార్డు వేసుకుని గారెలు వేయిస్తోంది. నా సంచీలోంచి తొంగిచూస్తున్న పుస్తకాన్ని చూసింది.

"ఏంది మేడం, రోడ్డు లెక్కల బుక్కా?"

"కాదు. నవల."

"రోడ్డు సూడనీకి వచ్చి నవల సదువుతవా?" పగలబడి నవ్వింది. "నోట్ల మాటే రాదు, నువ్వెట్ల ఇంజనీరైనవ్ మేడం?"

ఆమె నవ్వుకు నాకూ కొంచెం ధైర్యం వచ్చి, నా మార్కుల లెక్క చెప్పాను. నిద్రా, పుస్తకం, కబుర్లు, నాలుక, నడక.

"మరి మా రోడ్డుకెన్ని వచ్చినయ్?"

"నాలుగు."

"అరె, మంచిగనే వచ్చినయ్ కద! ఎప్పుడేస్తరు మరి?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. నాలుగు వస్తే వేయరని. ఆమె చేతిలో జల్లిగరిటె అలాగే ఆగిపోయింది. నూనె చుక్కలు పొయ్యి మీద చిటపటలాడాయి.

"అంటే... గుంతలు పూడిస్తే పైసలు రావు. పూడ్చకుంటే వస్తయ్. గంతేనా?"

"అంతే."

"గదేం లెక్క మేడం?"

 ఆమె పొయ్యి ఆపి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. కంపెనీ బస్సు ఊళ్ళోకి, దాదాపు గడపదాకా వస్తుందట. ఆమెతోపాటు ఊళ్ళో ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు అందులోనే వెళతారు. వానాకాలంలో రోడ్డు మళ్ళీ గుంతలమయమైతే బస్సు కమాన్ దగ్గరే ఆపేస్తామని కంపెనీవాళ్ళు చెప్పేశారు. ఇక ఆమెను పనికి పంపేటప్పుడు మామ పెట్టిన షరతు ఒకటే: బస్సు ఇంటిముందుకొస్తేనే పోవాలి, మా ఇంటి కోడలు సడక్ మీద బస్సు కోసం నిలబడేది లేదు.

"ఏడాది కొట్లాడి తెచ్చుకున్న నౌకరి మేడం. మా ఆయనగూడ పో అనలే, వద్దనలే. నేనే కొట్లాడిన. ఇప్పుడు మా మామ చేసిన మర్యాదకు మా బస్సు పోతది." గరిటె పక్కన పెట్టి, "ఇప్పుడే పోయి దిద్దరాదు? పెన్ను మీదగ్గర్నే ఉన్నది కద," అంది.

పెన్ను బయట అరుగు మీద ఉంది. అరుగు మీద సర్పంచ్ సాబ్, చేతిలో గారె, ముఖంలో నాలుగు మార్కుల సంతోషం. నేను "చూద్దాం" అన్నాను. చూద్దాం అనే మాట మా శాఖలో చేరినవాళ్ళందరికీ నేర్పకుండానే వచ్చేస్తుంది. మీకు కూడా ఈపాటికి వచ్చే ఉంటుంది.

జూన్ మొదటి వాన పొద్దున పదింటికి మొదలై సాయంత్రందాకా కురిసింది. రెండు రోజుల ట్రాక్టరు పని పక్క పొలాల్లోకి కొట్టుకుపోయింది. మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది.

"మేడం, నేను. గారెల మనిషిని. నీ నాలుగు కొట్టుకపోయింది. ఇప్పుడొచ్చి సూస్తవా, ఎన్నొస్తయో?"

సోమవారం నుంచి బస్సు కమాన్ దగ్గరే ఆగుతుందట. మామ ఈ నెలాఖరుదాకా ఓపిక పడతానన్నాడట, ఆ తర్వాత మానేయమన్నాడు. "ఏమన్న చేస్తవా మేడం? చేయకుంటే చేయనని చెప్పు. చూద్దాం అనకు."

మరమ్మతు రోడ్ల జాబితా ఖాయం చేసే సమావేశం ఆ వారమే సంగారెడ్డిలో. హాలు నిండా ఇంజినీర్లు, మధ్యలో మా అందరికీ పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఈఈ సారు. ఆయన ఎవరినీ కోప్పడినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఎగతాళి చేసేవారు. కోపమైతే నయం, మరిచిపోతారు. ఆయన ఎగతాళి మాత్రం సాయంత్రానికల్లా మూడు మండలాలు తిరిగేది.

"ఈ లిస్టు ఎల్లుండి హైదరాబాద్ పోతది. పోయినంక దేవుడు దిగొచ్చినా మార్చలేడు. ఎవరికన్న ఏమన్న చెప్పాల్నంటే ఇప్పుడే చెప్పండి."

 నేను చెయ్యెత్తాను. ఎత్తానని అనుకున్నాను గానీ అది భుజం దాటలేదు. ఈఈ సారు చూసి, "మేడంకు నీళ్ళియ్యండయ్యా," అన్నారు. నీళ్ళ సీసా నాలుగు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. వద్దనడానికి మొహమాటపడి సగం తాగాను. తాగి, మూత పెట్టి, ఇక కూర్చుంటే ఎప్పటికీ లేవనని తెలిసి లేచి నిలబడ్డాను.

"సార్, ఒక రోడ్డు... లిస్టులో లేదు సార్. ఉండాలి."

ఏ రోడ్డో చెప్పాను. ఆయన కాగితాలు తిప్పారు.

"దీనికి రెండు కిలోమీటర్లకూ నాలుగు పడ్డయ్. ఎవరు వేసిండ్రీ నాలుగు?"

"నేనే సార్."

"మరి ఇప్పుడేమంటవు?"

"తప్పు వేశాను సార్. ఊరివాళ్ళు మొరం పోశారు. చూశాను. చూసి కూడా రాయలేదు."

"ఎందుకు రాయలే?"

దీనికి జవాబు నేను డైరీలో సిద్ధం చేసుకోలేదు. "సర్పంచ్ సాబ్ ముందు సీట్లో ఉన్నారు సార్," అన్నాను.

హాలంతా నవ్వింది. ఈఈ సారు నవ్వలేదు, నవ్వు ఆగేదాకా చూశారు. "నవ్వకుండ్రయ్యా. ముందు సీట్ల ఎవరో ఒకరు కూసోంగ మనందరం రాసినోళ్ళమే. ఈమె చెప్పింది, మీరు చెప్పలే." తర్వాత నా వైపు తిరిగారు. "అయినా మనమొచ్చే సంగతి ఊరోళ్ళకెట్ల తెలిసింది?"

నేను నీళ్ళ సీసా మూత మళ్ళీ తిప్పాను. మా ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి, "పల్లెటూర్లు సార్, ఆఫీసు కాడ జీపు స్టార్ట్ జేస్తెనే ఆడ ఎరుకైతది," అన్నాడు. మళ్ళీ హాలంతా నవ్వింది, ఆ ప్రశ్న అంతటితో పోయింది. ఒక తప్పు ఒప్పుకునేసరికే నా దగ్గరున్న ధైర్యం అయిపోయింది. రెండో తప్పుకు మిగల్లేదు.

"రాసిస్తవా?" అన్నారు ఈఈ సారు. "ప్రొబేషన్ల ఉన్నవు. కాయితం మీద పెట్టినవంటే అది నీ ఫైలుల కూసుంటది, లెవ్వదు. సోంచాయించుకో."

"రాసిస్తాను సార్."

మాట్లాడటమే నాకు సిగ్గు, రాయడం కాదు. పది నిమిషాల్లో ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పి చూసి, "తప్పు రాసినవని ఒక్క ముక్క రాయమంటే మూడు పేజీల కథ రాసినవేందమ్మా," అని, చివరి పేజీ మీద సంతకం చేశారు. మర్నాడు పొద్దున తానే వచ్చి చూస్తానన్నారు.

ఈసారి ఫోన్ నేను చేయలేదు. మా డ్రైవర్ చేశాడు. ఈఈ సారే స్వయంగా వస్తున్నాడన్న సంగతిని కడుపులో దాచుకోవడం అతని వల్ల కాలేదు. రెండోసారి చెప్పింది అతనే కాబట్టి మొదటిసారీ అతనే అయ్యుంటాడని ఆఫీసంతా తేల్చేసింది. "ఆ దినం నేను చెప్పలే సార్," అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. డ్రైవరన్నా, ఇది మీ చేతికి చేరితే నన్ను క్షమించండి.

మర్నాడు కమాన్ దగ్గర జీపు ఆగింది. ఆగక తప్పలేదు, దారికి అడ్డంగా ట్రాక్టరు ఉంది. ట్రాలీ నిండా మొరం. డ్రైవరు సీట్లో సర్పంచ్ సాబ్, ముఖం కందగడ్డలా ఉంది. ట్రాక్టరు ముందు కోడలు, కంపెనీ కార్డు వేసుకుని, ఆ వారం మారిన పొద్దుటి షిఫ్టు బస్సు కోసం వచ్చిన ఆడవాళ్ళతో కలిసి నిలబడి ఉంది. ఆమె గుప్పిట్లో ట్రాక్టరు తాళంచెవి ఉంది.

"తాళం ఇయ్యి పిల్లా. ఆఫీసర్లు అచ్చిండ్రు."

"ఇయ్య మామా."

"పెద్ద సారొస్తుండు. గుంతలు సూపెట్టాల్నా? ఊరంత నవ్వాల్నా?"

"దవాఖానకు పోంగ దెబ్బ మీద పౌడర్ రాసుకొని పోతమా మామా? దెబ్బ సూపెడితెనే కద మందిచ్చేది. నువ్వు మొన్న పౌడర్ రాసినవ్. డాక్టరమ్మ జూసి, మంచిగున్నది పో అన్నది."

ఆడవాళ్ళంతా నా వైపు తిరిగి నవ్వారు. డాక్టరమ్మ జీపు దిగకుండా అటు జరిగి కూర్చుంది.

"మర్యాద అంటే గిట్లనా?" సర్పంచ్ సాబ్ స్టీరింగ్ మీద చెయ్యి చరిచాడు. ఆయనకు నిజంగానే కష్టంగా ఉంది. జీవితమంతా ఇంటికొచ్చినవాళ్ళకు మంచి మంచం వేసి, తాను కుక్కి మంచంలో పడుకున్న మనిషి. ఇప్పుడు చిరిగిన పక్క చూపించమంటున్నారు.

ఈఈ సారు దిగి ఆయన దగ్గరికి వెళ్ళారు. "సర్పంచ్ సాబ్, ఇంటికొచ్చినట్టు రాలే. పనికొచ్చిన. రా, ముందల కూసో. నీ రోడ్డు నువ్వే సూపెట్టు."

మళ్ళీ అదే ముందు సీటు. పక్కన డ్రైవర్. వెనక ఈఈ సారు, ఇన్‌స్పెక్టర్, నేను. ట్రాక్టరును ఆడవాళ్ళు పక్కకు తీయించారు.

"ఇగ చూడు," ఈఈ సారు డ్రైవర్‌తో అన్నారు, "గుంతలు తప్పియ్యకు. సీదా పోనియ్యి."

"సార్, బండి..."

"సీదా."

డ్రైవర్ గ్లాసు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి గుంతలోకి జీపును దించేటప్పుడు కళ్ళు మూసుకున్నాడని నా అనుమానం. ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు జారింది. ఈఈ సారు తల పైకప్పును ముద్దాడింది. మూడో గుంత తర్వాత డ్రైవర్ మెల్లగా ఏడుస్తున్న ఇంజనుకు ఏదో సర్దిచెప్పాడు. సర్పంచ్ సాబ్ మాత్రం రాతిలా కూర్చుని ముందుకే చూస్తున్నాడు. ప్రతి కుదుపుకూ ఆయన మెడ కొంచెం కుంగుతోంది.

కిలోమీటరు రాయి దగ్గర జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. నేను ఈఈ సారు వైపు చూశాను.

"నన్ను సూస్తవేంది? సర్వే నీది. నువ్వే చెప్పాలె."

ముందు సీట్లో ఆ తెల్లచొక్కా, ఆ తువ్వాల. ఈసారి ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు.

"ఒకటి," అన్నాను.

"వినబడలే."

"ఒకటి సార్!"

అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. డ్రైవర్ ఉలిక్కిపడి హారన్ కొట్టాడు. ఇన్‌స్పెక్టర్ రాశాడు. ఖాయమేనా అని అడగలేదు.

సర్పంచ్ సాబ్ అక్కడే తలుపు తీసుకుని దిగి, పొలం గట్టు మీదుగా ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. రెండో కిలోమీటరు ఆయన లేకుండానే పూర్తయింది. ఊరు చేరాం. అరుగు మీద ఎవరూ లేరు.

"ఇయ్యాల చాయ్ లేదు," అన్నారు ఈఈ సారు నెత్తి రుద్దుకుంటూ. "అంటే సర్వే సక్కగ జరిగినట్టే."

జాబితాలో రోడ్డు చేరింది. నాకు మెమో వచ్చింది: 'ఇకముందు తగు జాగ్రత్త వహించవలెను.' దాన్ని డైరీలో అతికించుకున్నాను. మంజూరైన కాగితం నకలు ఒకటి కోడలికి పంపాను. వానల్లో తారు వేయలేం కాబట్టి పని దసరా దాటాకే. అప్పటిదాకా ఆమె ఉద్యోగం ఏమవుతుందోనని నాకు బెంగగా ఉండేది. నెలాఖరు దాటిన రోజు నేనే ఫోన్ చేశాను. డైరీలో రాసుకోకుండా చేసిన మొదటి ఫోన్ అదేననుకుంటాను.

"పోతున్న మేడం," అంది నవ్వుతూ. "నువ్విచ్చిన కాయితం మా మామకు సూపెట్టిన. రెండు సార్లు సదివించుకున్నడు. 'సర్కారు మాటిచ్చింది కద, రోడ్డయ్యేదాంక నేనే అచ్చి నిలబడత' అన్నడు. రోజు ఛత్రి పట్టుకొని కమాన్ దాంక అస్తుండు. నా పక్కకు నిలబడడు, నాలుగడుగుల దూరంల నిలబడ్తడు, తనకేదో బస్సు రావాల్సినట్టు. మొన్నొక కండక్టర్ ఆపి, ఎక్కుతవా తాతా అన్నడు."

దసరా తర్వాత పని మొదలైంది. ప్రతిరోజూ పని దగ్గరే నిలబడ్డాను. సర్పంచ్ సాబ్ రోజుకొకసారి వచ్చి, కర్రతో అంచు పొడిచి చూసి, మందం తక్కువైందని ఇన్‌స్పెక్టర్‌తో వాదించి వెళ్ళేవాడు. నాతో మాట్లాడలేదు. రోలర్ నడిపేవాళ్ళకని ఫ్లాస్కుతో చాయ్ పంపేవాడు. అందులో ఒక కప్పు ఎప్పుడూ ఎక్కువ ఉండేది. అదెవరికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చల్లారకముందే తాగేదాన్ని.

పని పూర్తయిన వారానికి కంపెనీవాళ్ళు బస్సును ఊళ్ళోకి పంపడానికి ఒప్పుకున్నారు. అప్పటికి నా చేతికి బదిలీ ఆర్డరు వచ్చింది. చివరి కొలతలు చూసుకునే నెపంతో ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళాను. టేపు పట్టుకుని రోడ్డు నడిమధ్యన నిలబడి, నల్లగా, నున్నగా కమాన్‌దాకా సాగిన దాన్ని చూస్తూ, నేను ఏదో గొప్ప పని చేశానని పది నిమిషాలపాటు అనుకున్నాను. డైరీలో రాయడానికి ఒక పెద్ద వాక్యం కూడా తయారవుతోంది.

వెనక హారన్ మోగింది. మోగుతూనే ఉంది. తిరిగి చూస్తే ఊళ్ళోంచి వస్తున్న కంపెనీ బస్సు, నా వీపుకు పదడుగుల దూరంలో ఆగి ఉంది. మూడో కిటికీలోంచి ఒక చెయ్యి, తర్వాత కంపెనీ కార్డు, తర్వాత ఆమె ముఖం బయటికి వచ్చాయి. నాతో ఆమె చివరిసారి మాట్లాడింది అప్పుడే.

"జెర పక్కకు జరుగు మేడం, షిఫ్టుకు టైమైతుంది!"